పన్నెండు అగ్గిపెట్టెలు, మూడు తూకాలు

మా అన్న విన్సెంట్ చివరగా చేసిన పని, కూరగాయల బండి అమ్మాయికి ఒక టమాట తిరిగి ఇచ్చేయడం.

జులై మొదటి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు దేశాయిపేటలో అన్న ఇంటి ముందు బండి ఆగింది. బండి తోసుకొచ్చే అమ్మాయి పేరు కావ్య. తన ఎలక్ట్రానిక్ కాంటా మీద కిలో టమాటలు తూచి అన్న సంచిలో పోసింది. అన్న ఇంటివైపు రెండడుగులు వేసి ఆగాడు. సంచిని కుడిచేత్తో ఒకసారి పైకెత్తి దించి, వెనక్కి వచ్చాడు.

"బిడ్డా, ఎక్కువొచ్చినయి."

"లేదు తాతా. మిషన్ల కిలోనే ఉండె. నువ్వు గూడ చూస్తివి గదా."

"నీ మిషన్ ఒరిగి ఉన్నది. బండి చక్రం కింద రాయి పెట్టు."

"ఒకటెక్కువస్తే ఏమైతది తాతా, తినుండ్రి."

"నువ్వు ప్రేమతోని ఇస్తే తింట. తప్పు తూకంల వస్తే తిన."

ఒక టమాట తీసి బండి మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. సంచి వదినకు ఇచ్చి, ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చున్నాడు. వదిన టమాటలు కోసి పొయ్యి మీద వేసి, చాయ్ కావాలా అని అడగడానికి బయటికి వచ్చింది. అన్న కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు కనుక, వదిన కాసేపు అలాగే నిలబడి ఎదురుచూసిందట.

ఆ అలవాటు కాంటా దగ్గర వచ్చింది. అన్న ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి. రైతు తెచ్చిన బస్తాను కాంటా మీద పెట్టించి, తూకం చూసి, అందరికీ వినపడేట్టు పలికేవాడిని అక్కడ దడువాయి అంటారు. ముల్లు ఇటూ అటూ ఊగుతున్నంతసేపు అన్న నోరు విప్పడు. ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. అది నిలబడ్డాకే మాట. పొద్దున మొదటి బస్తాకు సిలువ గుర్తు వేసుకొని, ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు. తర్వాత రెండు, మూడు. ఆ గొంతు మిర్చి యార్డు దాటి పత్తి షెడ్ల దాకా వినిపించేదని గట్టయ్య అంటాడు. గట్టయ్య అన్న కాంటా మీదికి ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన హమాలీ.

ఇంట్లో కూడా అంతే. "మీ అన్నను అన్నం తింటవా అని అడిగితే, ముల్లు నిలబడేదాక ఆగాలె. గంతల అన్నమే సల్లారిపోతది," అనేది సువార్తమ్మ వదిన.

నేను అన్నకంటే ఆరేళ్ళు చిన్న. ఆయన చర్చివాళ్ళ మిషన్ బడిలో ఏడో తరగతితో ఆపేశాడు, నన్ను ఆపనివ్వలేదు. హనుమకొండలో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాక, సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక, షేర్ ఆటో ఎక్కి అన్న ఇంటికి రావడం మొదలుపెట్టాను. మొదట్లో వారానికి రెండుసార్లు. ఆ లెక్క వచ్చాక రోజూ.

ఆ లెక్క తెచ్చింది అన్న మనవరాలు ప్రీతి. పోయిన ఏడాది నవంబరులో, ఉద్యోగ పరీక్షలకు కోచింగ్‌లో ఇచ్చిన పుస్తకం చంకలో పెట్టుకొని వచ్చి, "తాతా, నువ్వు నలభై ఏండ్లు కాంటా పట్టినవ్ గదా, ఇది చెప్పు," అంది.

లెక్క చిన్నది. పన్నెండు గుండ్లున్నాయి. చూడటానికి అన్నీ ఒకటే. పదకొండు సమాన బరువు, ఒకటి మాత్రం తేడా. ఆ ఒకటి మిగతావాటికంటే బరువో తేలికో కూడా తెలియదు. చేతిలో రెండు పళ్ళేల త్రాసు ఉంది, బాట్లు, అంటే తూకపు రాళ్ళు, లేవు. మూడంటే మూడే తూకాల్లో ఆ ఒక్కటి ఏదో పట్టుకోవాలి, బరువో తేలికో చెప్పాలి.

అన్న నవ్వాడు. "చాయ్ తాగేలోపల చెప్త."

చాయ్ తాగాడు. రెండోసారి పెట్టించుకొని అదీ తాగాడు. మొదట ఆరు ఇటు, ఆరు అటు వేశాడు, మనసులోనే. ఒక పళ్ళెం దిగింది. దిగినదాంట్లో బరువుది ఉందా, లేచినదాంట్లో తేలికది ఉందా? తెలియదు. అక్కడికి ఒక తూకం అయిపోయింది, పన్నెండింటికి పన్నెండూ అనుమానంగానే మిగిలాయి.

"పుస్తకంల తప్పు రాసిండ్రు," అన్నాడు చివరికి. "నాలుగు తూకాలు కావాలె."

"నాలుగైతే అందరు చెప్తరు తాతా. జవాబు నేను చెప్పాల్నా?"

అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ముల్లు నిలబడేంతసేపు ఆగి, అప్పుడు చెప్పాడు. "ప్రీతీ, నీ పుస్తకం నాకు చూపియ్యకు. నోరు గూడ మూసుకో. చెల్లె, నువ్వు గూడ చేయి. ఎవర్ని అడుగొద్దు. ఎవరికి ముందొస్తే వాళ్ళది. మాట ఇయ్యి."

నేను ఇచ్చాను.

ఆయన అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో నాకు తెలుసు. మార్కెట్‌లోకి ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చిన కొత్తలో, ఒక దుకాణం గుమస్తా అందరి ముందు, "దడువాయి పనేముంది, పళ్ళెం ఎటు ఒరిగిందో చూసుడే గదా," అన్నాడట. అన్న తర్వాతి బస్తా తూకం పలికాడు. ఇంటికొచ్చి మాత్రం నాకు రెండుసార్లు చెప్పాడు. రిటైరయ్యాక ఇంకో నాలుగుసార్లు. ఇప్పుడీ లెక్క వచ్చి, పళ్ళెం ఎటు ఒరిగిందో చూడటం కూడా నీకు రాదు పో అన్నట్టు ఎదురుగా కూర్చుంది. డాక్టరేమో అంతకుముందే గుండె సగం కూడా పనిచెయ్యడం లేదన్నాడు. "చెయ్యకుండ పోతే నలభై ఏండ్లు ఏం చేసినట్టు," అని ఒకసారి తనలో తాను అనుకోవడం విన్నాను.

మనసులో తూచడం అన్న వల్ల కాలేదు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి నేల మీద పన్నెండు అగ్గిపెట్టెలు. అన్నింట్లో సన్న ఇసుక నింపి, పైన కాగితం అంటించాడు. అటక మీది పాత చేతి తరాజు దింపి తాళ్ళు మార్చాడు. తేడా పెట్టె తయారుచెయ్యడం వదిన పని. ఆయన చూడకుండా ఒకదాంట్లో రెండు శనగలు వెయ్యడమో, చిటికెడు ఇసుక తియ్యడమో చేసి కలిపేసేది. మొదట్లో నవ్వుకుంటూ చేసింది. క్రిస్మస్ దగ్గరపడేసరికి విసిగిపోయింది.

"మంచంల ఇసుక, బువ్వల ఇసుక. మొగడు మార్కెట్ మానేసిండంటే ఇల్లు సల్లగుంటదనుకున్న. మార్కెటే ఇంటికొచ్చింది."

ఒకసారి, పిండివంటల హడావుడిలో, ఏమీ తేడా చెయ్యకుండా పన్నెండూ సమానంగానే ఇచ్చేసింది. అన్న రెండు రోజులు వాటితో కుస్తీ పట్టాడు. మూడో రోజు సంగతి తెలిసి వదిన వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

"కాంటా ముందు అబద్ధమాడుతవా సువార్తా?"

"అబద్ధమాడలే. నువ్వు అడుగలే, నేను చెప్పలే. గారెలు తింటవా?"

అన్న చాలాసేపు ఆగాడు. "తింట," అన్నాడు.

మేమిద్దరం నేల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. అన్న తూచేవాడు, నేను కాగితం మీద గీసేదాన్ని. సంక్రాంతి సెలవులు అయ్యేనాటికి నాలుగు ఇటు, నాలుగు అటు వెయ్యాలన్నంతవరకు వచ్చాం. నాలుగు బయట. పళ్ళేలు సమానంగా నిలిస్తే, ఆ ఎనిమిదీ మంచివి. తేడాది బయటి నాలుగింట్లో ఉంది. రెండు తూకాలు మిగిలాయి. ఇంతదాకా వచ్చాక అన్న ముఖం వెలిగేది. మంచివని తేలిన ఎనిమిది పెట్టెల మీద సుద్దముక్కతో గీత గీసి, వాటిని తీసి కిటికీ గూట్లో పెట్టేసేవాడు. మిగిలిన నాలుగింటిని రెండు ఇటు, రెండు అటు వేసేవాడు. ఒకటి దిగేది. మళ్ళీ అదే ప్రశ్న. దిగింది బరువుదా, లేచింది తేలికదా?

ప్రతి సాయంత్రం అక్కడే ఆగిపోయేవాళ్ళం. నేను కూడా నిజంగానే ఆగిపోయాను. ముప్పై మూడేళ్ళు సంధులూ సమాసాలూ విడదీసినదాన్ని, ఈ నాలుగు అగ్గిపెట్టెలను విడదీయలేకపోయాను.

సుద్దగీత మార్కెట్ అలవాటు. తూకమైన బస్తా మీద గుర్తు పడుతుంది. గుర్తు పడ్డ బస్తా మళ్ళీ కాంటా ఎక్కకూడదు. ఎక్కితే ఒకే బస్తా రెండుసార్లు లెక్కకొస్తుంది, ఎవరో ఒకరు మోసపోతారు. అన్నకు పని నేర్పిన ముసలి దడువాయి మొదటి రోజే ఈ మాట చెప్పాడట. "గుర్తు పడ్డ బస్తా మళ్ల కాంటా ఎక్కిందంటే, పొరపాటున ఎక్కిందని ఎవ్వరు అనరు బిడ్డా. దడువాయి దొంగ అంటరు." అలాగే బాట్ల పళ్ళెం వేరు, సరుకు పళ్ళెం వేరు. ఇటుది అటు మార్చేది లేదు. అన్న చేతులకు నలభై ఏళ్ళుగా తెలిసింది ఇదే.

చర్చిలో నుదుట బూడిద పెట్టే విభూది బుధవారం వచ్చింది, ఉపవాస కాలం మొదలైంది. అన్న ఉపవాసాలు చెయ్యకూడదని డాక్టర్ చెప్పాడు. అందుకు బదులుగా అన్నట్టు అగ్గిపెట్టెల ముందు ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాడు. నన్ను చూసి, "ఏమన్న తోచిందా?" అనేవాడు. "లేదన్నా." "నాకు గూడ లేదు. ఫికర్ చెయ్యకు, వస్తది." మార్చిలో ఒక సాయంత్రం తూస్తూ తూస్తూ ఆయాసంతో గోడకు ఆనుకున్నాడు. అది చూసి నాకు భయం వేసింది. ఈ మనిషి దీన్ని చెయ్యకుండానే వెళ్ళిపోతాడేమో అనుకున్నాను.

మర్నాడు హనుమకొండలో ప్రీతిని కోచింగ్ సెంటర్ బయట పట్టుకున్నాను.

"జవాబు చెప్పు."

"ప్రసన్నమ్మమ్మా, నువ్వు తాతకు మాట ఇచ్చినవ్."

"ఇచ్చిన. చెప్పు."

అది పుస్తకం తెరిచి, చెరుకురసం బండి పక్కన నిలబడి చెప్పింది. విన్నాక నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. జవాబు రోజూ మా తలల పక్కనే, కిటికీ గూట్లో ఉంది. మంచివని తేలిన పెట్టెలను పక్కన పెట్టెయ్యకూడదు. వాటిని వెనక్కి తేవాలి. నాలుగు అనుమానపు పెట్టెల్లో మూడింటిని ఒక పళ్ళెంలో వేసి, ఎదురుగా మూడు మంచి పెట్టెలు వెయ్యాలి. అప్పుడు ఏ పళ్ళెం దిగినా అబద్ధం చెప్పలేదు. మంచివి ఎదురుగా ఉన్నాయి కనుక, తేడాది బరువో తేలికో అక్కడే తేలిపోతుంది. మిగిలిన ఒక్క తూకంతో అది ఏదో దొరుకుతుంది. మూడూ సమానంగా నిలిస్తే నాలుగోదే దొంగ, దాన్ని ఒక మంచి పెట్టెతో తూస్తే సరి. మొదటి తూకంలోనే పళ్ళెం ఒరిగితే దారి ఇంకాస్త వంకర. అప్పుడు కొన్నింటిని ఇటునుంచి అటు మార్చాలి, కొన్నింటిని దించెయ్యాలి, అక్కడా ఒక మంచి పెట్టెను తెచ్చి నిలబెట్టాలి. అన్నేళ్ళుగా అన్న చెయ్యకూడదనుకున్న రెండు పనులే, రెండూ.

అన్నకు చెప్పెయ్యడానికి నాకు మనసొప్పలేదు. చెప్పకుండా ఉండటానికీ ఒప్పలేదు. మార్చి పంతొమ్మిదిన చర్చిలో చేసే పునీత జోజప్ప పండుగ ముందు రోజు సాయంత్రం, మొదటి తూకం సమానంగా నిలిచి, అన్న ఎనిమిది పెట్టెలకూ గీతలు గీసి గూట్లో పెట్టి, మందుబిళ్ళ వేసుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. నేను లేచి గూట్లోంచి ఒక పెట్టె తీశాను. తెచ్చి తరాజు పక్కన, అనుమానపు నాలుగింటికి కాస్త దూరంగా పెట్టాను.

అన్న వచ్చి చూశాడు. సుద్దగీత ఉన్న పెట్టె.

"ఇది తూకమైంది గదా. ఇక్కడెందుకున్నది?"

"ఏమో," అన్నాను. అబద్ధమాడటం నాకు బాగా రాదు, కాగితం వైపు చూస్తూ అన్నాను.

అన్న పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముల్లు ఎంతసేపటికీ నిలబడలేదు. చివరికి, "ఇయ్యాల్టికి చాలు చెల్లె. ఆటోలు దొరకవు, పో," అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి సన్నగా ఈల వినపడింది. మా అన్న ఈల వెయ్యగా నేను విన్నది చిన్నప్పుడే, మళ్ళీ ఇప్పుడే.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "చర్చిల పూజ అయినంక సీద ఇంటికి రా."

వెళ్ళేసరికి నేల ఊడ్చి, చాప పరిచి ఉంది. వదిన కూడా కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. పన్నెండు పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్న తరాజు తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు తూకు. నేను చూస్త."

"నాకేమొచ్చు అన్నా. నీకు దొరికితే నువ్వే చూపియ్యి."

"నాకు దొరికిందిలే. మంచియి వాపస్ తేవాలె, గదే కిటుకు. నీ చేతితోని చూడాలె. తూకు."

తూచాను. నాలుగు, నాలుగు. ఆ రోజు వదిన తేడా పెట్టెను ఎక్కడ కలిపిందో, ఒక పళ్ళెం ఒరిగింది. వంకర దారి. ప్రీతి చెప్పినట్టే మూడింటిని దించి, రెండింటిని అటూ ఇటూ మార్చి, బయట ఉన్న మంచి పెట్టెల్లోంచి ఒకటి తెచ్చి వేశాను. మూడో తూకం అయ్యాక ఒక పెట్టె తీసి వదిన ముందు పెట్టి, "ఇది. బరువు," అన్నాను.

వదిన పెట్టె చింపింది. ఇసుకలోంచి రెండు శనగలు బయటపడ్డాయి.

"మా చెల్లె చూడు సువార్తా," అన్నాడు అన్న. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "కాంటా పట్టనోళ్ళకు చేతులెట్ల తిరిగినయో చూడు."

"చూసిన. ఇగ ఈ ఇసుక బయట పారబొయ్యొచ్చా?" అంది వదిన.

ఆ తర్వాత అన్న నాలుగు నెలలు కూడా లేడు. ఆ సాయంత్రాల్లో లెక్క లేకపోయినా నేను వెళ్తూనే ఉన్నాను. చర్చి ముచ్చట్లు, మిర్చి రేట్లు మాట్లాడుకునేవాళ్ళం. ఆయన సంతోషంగా ఉండేవాడు. నాకు మాత్రం లోపల ముల్లులా ఉండేది. ఆయన తనంతట తాను చెయ్యాలనుకున్నదాన్ని నేను ఒక పెట్టె జరిపి పాడుచేశాను. ఆ పెట్టె అక్కడ లేకపోతే ఇంకో వారానికో నెలకో ఆయనకే తట్టేదేమో. తట్టకపోయినా, ఓడిపోవడం కూడా ఆయనదే అయ్యేది. చెబుదామని రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఇంకోరోజు చెప్పొచ్చులే అనుకున్నాను. జులైలో ఆయన వెళ్ళిపోయాడు. సమాధి మీద మట్టి వేసేటప్పుడు నా మనసులో ఉన్నది ప్రార్థన కాదు, ఆ అగ్గిపెట్టె.

నలభయ్యో రోజు చర్చిలో జ్ఞాపకార్థ పూజ పెట్టించాం. మార్కెట్ నుంచి గట్టయ్య వచ్చాడు. భోజనాలయ్యాక చేతులు కడుక్కొని నా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"టీచరమ్మా, గా అగ్గిపెట్టెల లెక్కతోని మీ అన్న మా అందర్ని ఎంత సతాయించిండో," అన్నాడు.

"మిమ్మల్ని గూడనా? ఎప్పుడు?"

"మిర్చి సీజన్ల. ఒకనాడు పొద్దుగాలనే పన్నెండు పెట్టెలు, తరాజు సంచిల వేసుకొని వచ్చిండు. బస్తాల మీద పరిచి, మూడు తూకాలల్ల తీసి చూపిచ్చిండు. మేం ఎట్ల కలిపినా తీసిండు. రాత్రే దొరికిందన్నడు. గుర్తు పడ్డ బస్తాను మళ్ల కాంటా ఎక్కిచ్చిన గట్టయ్యా, నాకు పని నేర్పిన ముసలాయన చూస్తే తంతుండె అని ఒకటే నవ్వుడు."

"మార్చిల గదా? జోజప్ప పండుగ రోజు."

"కాదమ్మా, శాన ముందుగాల. తెల్లారి నుదుటికి బూడిద పెట్టుకొని మళ్ల వచ్చిండు, అందుకే నాకు యాదికున్నది."

విభూది బుధవారానికి ముందు రోజు. జోజప్ప పండుగ కంటే అయిదు వారాలు ముందు. గట్టయ్య చెప్పుకుపోతున్నాడు.

"ఎవ్వరు బయట అనొద్దని మాతోని ఒట్టు వేయించుకున్నడు. మా చెల్లె ఇంక చేస్తాంది, ఆమెకు వచ్చేదాక నేను గూడ రానట్టే ఉంటాన అన్నడు. ఇగ మీకు వచ్చిన నాడు చూడాలె. పండుగ బట్టలతోనే యార్డుకొచ్చిండు. మా చెల్లె ఎవ్వర్ని అడుగకుంట చేసిందని షెడ్డు మొత్తానికి చాయ్ తాపిచ్చిండు."